వరదలో ఉన్నవాళ్లకి కరెంటే లేదు, మరి ఆ 24 గంటల లైవ్ ఎవరి కోసం?

బెజవాడ బుల్లోడు
బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, ఛానెళ్లలో ఎర్ర డబ్బాలు, సైరన్ మోత మొదలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో మా సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మేం పై వాటాలో ఉన్నాం. కింద మెడలోతు నీళ్లు. ఇంట్లో ఒక్క ఫోనుకే ఛార్జింగ్ మిగిలింది. బోటు కోసం దాచుకుందామంటే డాలస్ నుంచి అక్క, హైదరాబాదు నుంచి చిన్నాన్న ఒకటే ఫోన్లు. "నీళ్లింకా పెరుగుతున్నాయంటరా, యూట్యూబ్ లైవ్‌లో ఇప్పుడే చూపిస్తున్నారు" అని అక్క ఏడుపు. నేను మెట్ల దగ్గరికెళ్లి చూస్తే గోడ మీద తడి గీతకి నీళ్లు జానెడు కిందికి దిగున్నాయి. ఆవిడ చూసింది ఎప్పుడో పొద్దున తీసిన వీడియో. పైన "లైవ్" అని రాసుంది మరి.
ఊరికే ఛానెళ్లని తిట్టుకోవడం కాకుండా, మీకు ఏది పనికొచ్చింది, ఏది చేటు చేసింది చెప్పండి.

ఎంవీపీ రాజు
2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. వైజాగ్‌లో ఏం జరిగిందో వైజాగ్ వాళ్లకి తప్ప అందరికీ తెలుసు. పాలు ఎక్కడ దొరుకుతున్నాయి, ఏ బంకు తెరిచారు అన్నది పక్కింటాయన చెప్తేనే. మాకు ఆయనే బులెటిన్.

పాత డెస్కు మనిషి
నేనో న్యూస్ ఛానెల్ డెస్కులో చేశాను. ఏ ఛానెల్ అని అడక్కండి.
బుల్లోడు గారూ, మీ అక్కగారు చూసినది ఎలా తయారవుతుందో చెప్తాను. లైవ్ పంపే ఓబీ వ్యాను వరదలోకి దిగదు, ఫ్లైఓవర్ మీదే ఆగిపోతుంది. అందుకే రోజంతా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర బోట్లు, పాల ప్యాకెట్లు చూశారు జనం. లోపలి వీధుల సంగతి స్ట్రింగర్, అంటే ఊళ్లో ఉండి వార్తలు పంపే విలేకరి, వాట్సాప్‌లో పంపే క్లిప్పుల్లోనే ఉంటుంది. అతనికి అది ఎవరో ఫార్వర్డ్ చేసుంటారు. ఏ వీధి, ఎన్నింటికి తీశారు అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందులో బాగున్న ముక్క కోసి లూప్‌లో పెడతాం. కొత్తది వచ్చేదాకా అదే తిరుగుతుంది, యాంకర్ మాత్రం "ప్రస్తుత పరిస్థితి" అంటూనే ఉంటారు.
పక్క ఛానెల్ "పడవ బోల్తా" అని వేసిందనుకోండి. నిజమా కాదా కనుక్కోమని పైవాళ్లు అనరు, మనమెందుకు వెయ్యలేదని అడుగుతారు. వేసేస్తాం. అబద్ధమని తేలితే స్క్రోలింగ్‌లోంచి చప్పుడు లేకుండా తీసేస్తాం. సవరణ ఉండదు.
ఇంకోటి. విపత్తుల విజువల్స్ మీద తేదీ, టైము వెయ్యమని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 ఆగస్టులోనే ప్రైవేటు ఛానెళ్లకి చెప్పింది. బెజవాడ మునగడానికి మూడు వారాల ముందు. కానీ అది సలహా, ఎవరి చెవిన పడుతుంది?

ఉద్దానం కుర్రోడు
లైవ్ ఎక్కువైందని మీరంతా బాధపడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస పక్కనే తీరం దాటింది. కొబ్బరి, జీడి మామిడి తోటలు నేలమట్టం. చెట్లడ్డం పడి రోడ్లు మూసుకుపోతే మా ఊరికి మొదట్లో కెమెరా కాదు కదా, నీళ్ల ట్యాంకరే రాలేదు. తర్వాత వచ్చారు, పడిన చెట్ల మధ్య నిలబడి మాట్లాడారు, వెళ్లిపోయారు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఎన్నేళ్లో మీకు తెలుసు కదా. నష్టపరిహారం లిస్టులో పేరెక్కించుకోడానికి తిరిగిన రోజుల్లో ఒక్కడంటే ఒక్కడు మైకు పట్టుకుని రాలేదు.

అవనిగడ్డ మాస్టారు
ఆ అబ్బాయి మాట నిజం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మా వైపు సంగతి బయటి లోకానికి తెలియడమే ఆలస్యమైంది. రేడియో, పేపర్లే గతి అప్పుడు. కెమెరా వస్తే కనీసం అధికారి కదులుతాడు. కాబట్టి అసలు వద్దనకండి బాబూ.

సుజాత_నున్న
వద్దనట్లేదు మాస్టారూ. కానీ మా అత్తగారి సంగతి వినండి. పీకల్లోతు నీళ్లలోంచి బోటు ఎక్కించారు. నైటీ తడిసి ఒంటికి అంటుకుపోయింది, తువ్వాలు కప్పుకున్నారు. ఆ బోటులోనే మైకు ఆయన, కెమెరా ఆయన. ఆ రెండు చోట్లలో మా ఎదురింటి ముసలాయన, ఆయన కూతురు కూర్చునేవాళ్లు. వాళ్లని తర్వాతి ట్రిప్పుకి ఆపారు. "అమ్మా, తిని ఎన్నాళ్లయింది? ఎలా అనిపిస్తోంది?" అని మొహం మీద మైకు. ఆవిడ నలుగురికి వండిపెట్టే మనిషి, తలొంచుకున్నారు. ఇప్పటికీ ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది, థంబ్‌నెయిల్ ఆవిడ మొహమే. తీసెయ్యమని కామెంట్లలో అడిగాం. ఉలుకూ పలుకూ లేదు.

గల్ఫ్ శీను
2015 నేపాల్ భూకంపమప్పుడు ఇదే కదా. మనవాళ్లు మైకులు పెట్టి అడిగిన ప్రశ్నలకి ఒళ్లు మండి "గో హోమ్ ఇండియన్ మీడియా" అని ట్విట్టర్‌లో ట్రెండ్ చేశారు. మా రూమ్‌లో ఇద్దరు నేపాలీలు ఉండేవాళ్లు. నాకు సిగ్గేసింది.

పాత డెస్కు మనిషి
సుజాత గారూ, కామెంట్లు ఎవరూ చదవరమ్మా. ఆ ఛానెల్ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ఆన్‌లైన్ వార్తలకి కేంద్రం పెట్టిన 2021 ఐటీ రూల్స్ ప్రకారం 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. తేల్చకపోతే వాళ్లు సభ్యులుగా ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్లొచ్చు. లింకు, ఎన్నో నిమిషంలో ఆవిడ కనిపిస్తారో రాయండి. ఆవిడ ఒప్పుకోలేదన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.

సుజాత_నున్న
థాంక్స్ అన్నగారూ. మొహం కనపడకుండా చేసినా చాలని రాయమంటారా, మొత్తం తీసెయ్యమని రాయమంటారా?

పాత డెస్కు మనిషి
మొత్తం తీసెయ్యమనే రాయండి. మొహం కనపడకుండా చేస్తామని బేరానికి వాళ్లే వస్తారు.