రాకర్ జామెట్రీకి ‘వాటం’ అనవచ్చా?

సభ్యులకు నమస్కారం. పుష్‌రాడ్ అనే కడ్డీ ఒక కొసను పైకి నెడితే, రెండో కొసతో (ముక్కుతో) ఇంజన్ వాల్వును నొక్కి తెరిచే చిన్న మీటే రాకర్. దాని జామెట్రీకి తెలుగు మాట వెతుకుతున్నాను. హైదరాబాద్ షెడ్లలో బుల్లెట్ పని అనగానే వినిపించే మాట ‘టాపెట్ సెట్టింగ్’. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోయి, కొత్తగా నేర్చుకునే పిల్లలకు రెండోది కనిపించకుండా పోతోంది.

మొదటిది సందు, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య సర్దే ఖాళీ. పాత ఇనప ఇంజన్ బుల్లెట్‌లో, బండి చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసన (రెండు వాల్వులూ మూసుకున్న చోట) ఆపి, పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పి చూస్తారు. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. అక్కడ రాడ్ పొడవు సర్దేది సందు కోసమే. ఈ మాటతో ఇబ్బంది లేదు.

రెండోది జామెట్రీ, అంటే రాకర్ వాల్వును ఎలా నొక్కుతుందన్నది. వాల్వు తిన్నగా దిగుతుంది, రాకర్ ముక్కు మాత్రం ఇరుసు చుట్టూ వంపుగా తిరుగుతుంది. అందుకే ముక్కు వాల్వు తల మీద కాస్త జారక తప్పదు. ఆ జారుడు తగ్గాలంటే, వాల్వు సగం తెరుచుకున్నప్పుడు ఇరుసు నుంచి ముక్కుకు గీసిన గీత వాల్వు కాడకు లంబంగా ఉండాలి. మొత్తం 12 మి.మీ. తెరుచుకునే వాల్వుకైతే 6 మి.మీ. దగ్గర. అది తప్పితే ముక్కు వాల్వును పక్కకు నెడుతుంది, వాల్వు కాడ జారే గైడ్ గొట్టం అరిగిపోతుంది, ఇంజన్ ఆయిల్ తాగుతుంది. 1955లో వచ్చిన షెవర్లే వీ8 లాంటి, స్టడ్డు (నిలువు బోల్టు) మీద రాకర్ కూర్చునే ఇంజన్లలో దీన్ని సరిచేసేది పుష్‌రాడ్ పొడవే. హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పైభాగం అడుగును చెక్కి సాపు చేయడం) చేయించినా, పుష్‌రాడ్‌ను నెట్టే క్యామ్ మార్చినా మళ్లీ చూసుకోవాలి.

దీనికి ‘జ్యామితి’ అంటే బడిపాఠంలా ఉంది. ‘కోణం’ అంటే ఒట్టి కొలత. ‘వాటం’ అయితే? ఎడమచేతి వాటం, గాలివాటం అంటాం. బలం ఎటు అనువుగా సాగుతుందో ఆ మాటలోనే ఉంది.

వ్యాఖ్య:
అన్నా, మాట బాగుంది. కానీ బాత్రూంలో నీళ్లు పోవడానికి మేస్త్రీ పెట్టే వాటం అంటే వాలు. ఇక్కడ మీకు కావాల్సింది లంబం. కుర్రాడు రాకర్‌ను వాలుగా పెట్టాలనుకుంటే? ఇంకో మాట: వాల్వు తలకు మార్కర్ పూసి ఇంజన్‌ను చేత్తో తిప్పితే రాకర్ చెరిపిన గీత పడుతుంది కదా, దాన్ని ‘ఒరపిడి గీత’ అనొచ్చేమో.

జవాబు:
మంచి అభ్యంతరం తమ్ముడూ. అయితే ‘సగం లిఫ్టు వాటం’ అందాం (లిఫ్టు అంటే వాల్వు తెరుచుకునే దూరం). ఎక్కడ ఆపి చూడాలో పేరే చెబుతుంది. ‘ఒరపిడి గీత’ నాకు చాలా నచ్చింది. చాలామంది ఆ గీత తల మధ్యలో ఉందా అని మాత్రమే చూస్తారు. అంతకన్నా ముందు అది సన్నగా ఉందా అని చూడాలి. మధ్యలోనే ఉన్నా వెడల్పుగా పడితే ముక్కు ఎక్కువ జారుతున్నట్టే.

ఈ పరీక్షకు మెత్తటి స్ప్రింగులు వేసి, పొడవు మార్చుకునే ఒక రాడ్ వాడతారు. సరైన పొడవు తేలాక ఆ కొలతకు అసలు పుష్‌రాడ్లు తెప్పిస్తారు. దానికి ‘కొలత రాడ్’ సరిపోతుందా, ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తెలుసా?