నరం వేసిన పొట్టి విల్లు ఆరట్లేదు

తుమ్మ కర్రతో నాలుగడుగుల విల్లు చెక్కాను. మేక కాలి నరాలు (కండని ఎముకకి కలిపే గట్టి పట్టీలు) ఎండబెట్టి, దంచి, పీచు తీసి, తోలు జిగురులో ముంచి బాణం వెళ్లే వైపు రెండు పొరలు అంటించా. పన్నెండు రోజులైంది, ఇంకా వేలికి అంటుతోంది. మాది గాజువాక. డాబా మీద ఎండలో పెట్టేయనా?

జవాబు: వద్దు గురూ! పైన ఎండి లోపల పచ్చిగా ఉంటే పొర లేచిపోతుంది. మన సముద్రపు గాలికి ఆ జిగురు తేమ పీలుస్తూనే ఉంటుంది. నీడలో, ఫ్యాన్ కింద ఇంకో నెల ఉంచు. నారి మాత్రం కట్టకు.

జవాబు: ఆరేకొద్దీ నరం ముడుచుకుని విల్లు కొసల్ని ముందుకు లాగుతుంది. ఆ వంపు పెరగడం ఆగిందా చూడు, ఆగితేనే ఆరినట్టు. నేను తొందరపడి వంచా, టప్పున విరిగింది.

జవాబు: వేటకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. గడ్డిమోపుకి కొట్టుకోండి.

అడిగినవారు: గడ్డిమోపుకేనండీ. ఏసీ గదిలోకి మార్చా. వాసనకి అమ్మ గోల!