మిగిలిన 90 శాతం శక్తి ఎక్కడికి పోతుంది?

ప్రశ్న:
ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు సుమారు 10 శాతం శక్తి మాత్రమే చేరుతుందని చదివాను. మిగిలిన 90 శాతం ఏమవుతుంది? చనిపోయిన జీవులు కుళ్ళి మట్టిలో కలుస్తాయి, ఆ మట్టిలోనే మళ్ళీ మొక్కలు పెరుగుతాయి కనుక శక్తి కూడా అదే దారిలో తిరిగి రావాలి కదా! అలాంటప్పుడు మొక్కలకు ప్రతిరోజూ సూర్యకాంతి ఎందుకు కావాలో బోధపడడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
పదార్థాన్నీ శక్తినీ ఒకటిగా చూడడం వల్లనే ఈ చిక్కు వచ్చింది. ఆకు తింటున్న గొంగళిపురుగును దగ్గరగా గమనించండి. అది తిన్నదానిలో చాలా భాగం అరగకుండానే చిన్న చిన్న నల్లని గుళికలుగా ఆకు మీద రాలిపోతుంది. అరిగి ఒంటికి పట్టినదానిలోనూ ఎక్కువ శక్తి శ్వాసక్రియలో ఖర్చయి, వేడిగా మారి చుట్టూ ఉన్న గాలిలో కలిసిపోతుంది. మిగిలిన కొద్దిపాటి శక్తితోనే పురుగు శరీరం పెరుగుతుంది. పిట్టకు దక్కేది ఆ శరీరమే. అలా చెదిరిపోయిన వేడితో ఏ మొక్కా ఆహారం తయారు చేసుకోలేదు, దానికి వెలుతురే కావాలి. గొలుసులు నాలుగైదు మెట్లు దాటి సాగడం అరుదు కావడానికి ఇదొక ముఖ్య కారణం.

జవాబు 2:
పై వివరణ సరైనదే గానీ, మట్టి సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్లవుతుంది. అడవిలో ఆకులు చాలావరకు ఏ జంతువూ తినకుండానే రాలిపోతాయి. తడిసిన ఆకుల పొరను ఒకసారి మెల్లగా ఎత్తి చూస్తే, అడుగున ఆకుల ఈనెలను పట్టుకుని అల్లుకున్న తెల్లని దారాలు కనిపిస్తాయి. అవి శిలీంధ్రాలు. ఎంజైములను బయటికి వదిలి, ఆకును అక్కడికక్కడే జీర్ణం చేసి, ఆ సారాన్ని పీల్చుకుంటాయి. ఆకులో దాగిన శక్తిని అవి తమ బతుకు కోసం వాడుకుంటాయి, అదీ చివరికి వేడిగానే పోతుంది. నత్రజని, భాస్వరం వంటివి మాత్రం మట్టిలో విడుదలై వేర్లకు అందుతాయి. ఒకే భాస్వరం పరమాణువు ఆకులోకీ, పురుగులోకీ, మట్టిలోకీ ఎన్నిసార్లయినా తిరగవచ్చు. వాటన్నిటినీ నడిపించిన సూర్యశక్తి మాత్రం ప్రతిసారీ కొత్తదే.

జవాబు 3:
ఒక్క సవరణ. 10 శాతం అనేది స్థిరమైన నియమం కాదు, సుమారు సగటు. జీవావరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ అమెరికాలోని ఒక చిన్న సరస్సును పరిశీలించి శక్తి ప్రవాహాన్ని మెట్లవారీగా లెక్కగట్టినప్పుడు (ఆ వ్యాసం 1942లో వెలువడింది) కూడా అన్ని మెట్లకూ ఒకే శాతం రాలేదు. జీవద్రవ్యరాశి పిరమిడ్‌నూ (ఒక్కో మెట్టులో ఒక సమయంలో ఉన్న జీవుల మొత్తం బరువును చూపే పటం) శక్తి పిరమిడ్‌నూ (ఒక్కో మెట్టు గుండా ప్రవహించే శక్తిని చూపే పటం) కలపకూడదని కూడా మనవి. సముద్రంలో కొన్నిచోట్ల వృక్షప్లవకాల (నీటిలో తేలుతూ సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు) బరువు కంటే వాటిని తినే జంతుప్లవకాల (నీటిలో తేలే చిన్న జంతువులు) బరువే ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే వృక్షప్లవకాలు కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతూ, పెరిగినవి పెరిగినట్లే ఆహారమైపోతుంటాయి. అక్కడ కూడా ఏడాది పొడవునా ప్రవహించిన శక్తిని లెక్కిస్తే అడుగు మెట్టే వెడల్పుగా తేలుతుంది.