1260 గ్రేడు బ్లాంకెట్ పెళుసెక్కుతోంది: కార్బన్ ఫెల్ట్‌కు మారవచ్చునా?

భట్టీ_గోదావరి: మా ఎలక్ట్రిక్ ఫర్నేసును 1200 డిగ్రీల వద్ద నడుపుతున్నాము. ఏడాది తిరగకముందే లోపలి గోడకు వేడి ఆగేందుకు వేసిన సిరామిక్ పోగుల దుప్పటి (బ్లాంకెట్) కుంచించుకుపోయి, అతుకుల వద్ద వేలు దూరేంత సందులు పడ్డాయి. ముట్టుకుంటే పొడి రాలుతోంది. 3000 డిగ్రీలు తట్టుకుంటుందంటున్న కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగులతో చేసిన మెత్త) వేయవచ్చునా? ధర ఎంత ఉంటుంది?

గాజుపోగు: పెట్టె మీది అంకెను చూసి ఫర్నేసు నడిపితే జరిగేది ఇదే. 1260 అన్నది 24 గంటల పరీక్షలో కుంచింపును కొలిచి ఇచ్చే వర్గీకరణ. నిరంతర వాడకానికి అందులో 100, 150 డిగ్రీలు తగ్గించుకోవాలి. అల్యూమినా, సిలికాలను ఇంచుమించు సగం సగం కరిగించి ఊదిన ఆ పోగు నిజానికి గాజే. వేడి 1000 దాటి నిలకడగా ఉంటే అందులో ముల్లైట్ (అల్యూమినా, సిలికా కలిసిన ఖనిజం) స్ఫటికాలు పుట్టి పెరుగుతాయి, మిగిలిన సిలికా క్రమంగా క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంగా మారుతుంది. ఆ తరువాత పోగు వంగదు, విరుగుతుంది.

వాక్యూమ్_శాస్త్రి: వాక్యూమ్ (గాలి తీసేసిన) ఫర్నేసుల దగ్గరే తల నెరిసినవాడిని కనుక చెబుతున్నాను, కార్బన్‌కు సాటి లేదు. షట్కోణాలుగా అల్లుకున్న దాని పొరల్లోని బంధాలు ఎంత గట్టివంటే, గ్రాఫైట్ మామూలు పీడనం వద్ద కరగనే కరగదు, 3600 ప్రాంతంలో నేరుగా ఆవిరవుతుంది. పైగా 2500 వరకు వేడెక్కేకొద్దీ బలం పెరుగుతుంది. మీరింకా 1260 దగ్గరే తగవులాడుకుంటున్నారు.

గాజుపోగు: శాస్త్రిగారూ, వాక్యూమ్ అన్న మాటను ఎంత సులువుగా దాటేశారండీ! అడిగినవారిది గాలి ఉన్న ఫర్నేసు. గాలిలో 500 డిగ్రీలు దాటకముందే కార్బన్ ఆక్సీకరణం మొదలవుతుంది. 1200 వద్ద మీ ఫెల్ట్ మొత్తం బొగ్గుపులుసు వాయువై పోతుంది.

వాక్యూమ్_శాస్త్రి: సిలికాన్ కార్బైడ్ పూత ఉన్నది అందుకే. అమెరికా స్పేస్ షటిల్ ముక్కుకు, రెక్కల అంచులకు వాడినది కార్బన్-కార్బన్ (కార్బన్ పోగులను కార్బన్‌తోనే బిగించిన పదార్థం) కాదా? మన అగ్ని క్షిపణి కవచం కాదా? చదివి మాట్లాడండి.

గాజుపోగు: చదివాను కనుకనే అంటున్నాను. అదే షటిల్ పొట్టకు అతికించినవి సిలికా పోగుల పలకలు. రెక్క అంచుకు వేడి తగిలేది నిమిషాల లెక్కన. ఫర్నేసుకు నెలల తరబడి. కార్బన్, పూత వేడికి సమానంగా వ్యాకోచించవు కనుక చల్లారేటప్పుడు పూతలో సన్నని పగుళ్లు పడతాయి, వాటిని గాజుతో పూడ్చవలసి వస్తుంది. ఫెల్ట్‌కు అంత సేవ ఎవరు చేస్తారు?

మాస్కు_మరవద్దు: కవచాల సంగతి తరువాత చూసుకోండి. రాలుతున్న ఆ పొడిలో క్రిస్టోబలైట్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. సిరామిక్ పోగులను క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1988లోనే 2బి (మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి) వర్గంలో చేర్చింది. పాత లైనింగును తడపకుండా, మంచి మాస్కు లేకుండా కూలివాళ్లచేత ఊడదీయించడం అన్యాయం.

కొలిమి_కబుర్లు: అసలు విషయానికి వస్తే, గాలిలో 1200 కు కావలసినది 1600 గ్రేడు ముల్లైట్ పోగు. అందులో అల్యూమినా 72 శాతం ఉంటుంది. కరిగించి ఊదినది కాదు, ద్రావణం నుంచి పోగు తీసి కాల్చి ముందే స్ఫటికం కట్టించినది కనుక కుంచింపు చాలా తక్కువ. ఖరీదు ఎక్కువే, అందుచేత వేడి తగిలే ముఖానికి మాత్రమే వేసి, వెనుక మామూలు బ్లాంకెట్ ఉంచుతారు. కొనేముందు థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) ఎక్కడ ఉందో చూడండి. అది 1200 చూపుతున్నప్పుడు ఎలిమెంట్ల (వేడినిచ్చే తీగల) వెనుక గోడ అంతకంటే వేడిగా ఉంటుంది.