సమస్యాపూరణం: తలలు తెగినఁ గాని ధర్మ ముండె

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం. పూరణ పురాణాల వైపు పోకూడదు, ఒక్క సంఖ్య మీదే సాగాలి: 357686312646216567629137. మొత్తం 24 అంకెలు. ఎడమ నుంచి ఒక్కో అంకె తీసేస్తూ వస్తే మిగిలిన ప్రతిదీ ప్రధాన సంఖ్యే (1, తాను తప్ప వేరేదీ భాగించని సంఖ్య). చివరికి 9137, 137, 37, 7 మిగులుతాయి.

స్వర్ణముఖి:
మొదటి యంకెఁ దీసి మూలకుఁ ద్రోసిన
మిగులు సంఖ్య కేమి మెఱుగు తగ్గు
అంకె లెన్ని త్రుంచ నవిభాజ్యమై నిల్చె
తలలు తెగినఁ గాని ధర్మ ముండె!

కపిలతీర్థం:
ఏడు పాద మయ్యె నేమఱకుండఁగ
మూఁడు దాని ముందు మొలవ, నొకటి
పిదపఁ దొమ్మి దెక్కెఁ, బెరిగెను వంశమ్ము
తలలు తెగినఁ గాని ధర్మ ముండె!

నిర్వాహకుడు: స్వర్ణముఖి అక్కా, మీ పద్యంలో 'ప్రధాన'కు బదులు వేసిన 'అవిభాజ్య' ఒక ఇంద్రగణంలో (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపుల్లో ఒక రకం) ఇమిడిన తీరు నాకు చాలా నచ్చింది. 'ప్రధాన' అనే మాటను ఆటవెలదిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుస్తుంది. కపిలతీర్థం అన్నా, 7, 37, 137, 9137 అని కింది నుంచి కట్టుకుంటూ రావడం మంచి ఊహ. ఆ సంఖ్యను కనిపెట్టే దారి కూడా అదే. అయితే మూడు పాదాలు పెరగడం చెప్పి నాలుగోదాంట్లో ఉన్నట్టుండి తల తెగితే అతుకు కనిపిస్తోంది. 'పిదపఁ దొమ్మి దెక్కెఁ, బేర్చిన యంకెల' అంటే 'తలలు' దానికి అన్వయిస్తుంది, యతీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) చెడదు.

చంద్రగిరి కుర్రాడు: నా రెండో పాదం చూడండి అన్నా: 'సున్న యొకటి లేదు ముందు చూడు'.

నిర్వాహకుడు: సు-ము యతి కుదరదు తమ్ముడూ. 'సున్న యొకటి లేదు చూడు మందు' అను, సరిపోతుంది. సున్న ఊసెత్తింది నువ్వొక్కడివే, అది గట్టి విషయం. సున్న ఉంటే, దాని ముందున్న తల తీయగానే సున్నే తల అవుతుంది. ఎడమ కొసన దానికి విలువ లేదు గనక ఒక్క వేటుకు రెండు స్థానాలు పోతాయి. అందుకే నియమంలోనే సున్నను రానివ్వరు. అలా ఎడమ నుంచి కోసినా నిలిచే ప్రధానాలు మొత్తం 4260. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. దీని ముందు 1 నుంచి 9 దాకా ఏ అంకె పెట్టినా ప్రధానం కాదు.

స్వర్ణముఖి: కుడి నుంచి కోస్తే 73939133 దగ్గరే ఆగిపోతుంది కదా. 8 అంకెలే. ఎందుకంత తేడా?

కపిలతీర్థం: కుడివైపు అంకె చేర్చాలంటే 1, 3, 7, 9 మాత్రమే పనికొస్తాయమ్మా. సరి అంకె చేరితే 2 భాగిస్తుంది, 5 చేరితే 5 భాగిస్తుంది. ఎడమన ఆ బాధ లేదు, కొసన 7 కదలకుండా ఉంటుంది. తొమ్మిదింటిలో అంకెల మొత్తాన్ని 3 గుణిజం చేసే మూడింటిని వదిలేస్తే, ప్రతి మెట్టులో ఆరు దారులు మిగులుతాయి. దారులు ఎక్కువ కాబట్టే గొలుసు 24 దాకా సాగింది.

నిర్వాహకుడు: అయితే కుడి కోతకు వచ్చే వారం సమస్య ఇదే తీసుకోండి: 'తోక తెగినఁ గాని తొణఁక దయ్యె'.