క్రాస్ వాలిడేషన్‌లో ఏయూసీ 0.96, కొత్త నెల డేటాలో 0.71: తేడా ఎక్కడ వస్తోంది?

ప్రశ్న

రాబోయే 30 రోజుల్లో చందా రద్దు చేసుకునేవారెవరో అంచనా వేసే మోడల్‌ను లైట్‌జీబీఎం (అనేక నిర్ణయ చెట్లను కలిపి అంచనా వేసే సాధనం)తో తయారు చేస్తున్నాను. ఒక్కో చందాదారుకు నెలకొక వరుస చొప్పున రెండేళ్ల డేటా ఉంది; అందులో రద్దయిన వరుసలు 4 శాతమే. యాదృచ్ఛికంగా 5 భాగాలు చేసి క్రాస్ వాలిడేషన్ (ఒక్కో భాగాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో శిక్షణ ఇచ్చి, దాని మీద పరీక్షించడం) జరిపితే ఏయూసీ (రద్దు చేసుకునేవారిని మిగతావారి కంటే పైన ఉంచగల సామర్థ్యానికి కొలత, గరిష్ఠం 1) 0.96 వస్తోంది, మోడల్ చూడని తాజా నెల మీద మాత్రం 0.71కి పడిపోతోంది. చెట్ల లోతు తగ్గించినా, రెగ్యులరైజేషన్ (మోడల్ సంక్లిష్టతకు వేసే పగ్గం) పెంచినా పెద్దగా మార్పు లేదు. ప్లాన్ కోడ్ వంటి కాలమ్‌లకు టార్గెట్ ఎన్‌కోడింగ్ (ప్రతి కోడ్ స్థానంలో ఆ కోడ్ ఉన్న వరుసల రద్దుల సగటును పెట్టడం) వాడాను. న్యూరల్ నెట్‌వర్క్‌కు మారితే ప్రయోజనం ఉంటుందా?

మొదటి సమాధానం

మోడల్ సంగతి తర్వాత చూద్దాం. లోతు తగ్గించినా తేడా తగ్గలేదంటే ఇది మామూలు ఓవర్‌ఫిటింగ్‌లా (శిక్షణ డేటాను బట్టీ పట్టడంలా) లేదు. డేటా లీకేజీని, అంటే అంచనా వేళకు తెలియని సమాచారం శిక్షణలోకి చొరబడటాన్ని అనుమానించాలి. ప్రతి కాలమ్‌నూ ఒకే ప్రశ్న అడగండి: అంచనా వేసే రోజున ఈ విలువ మనకు తెలిసి ఉండేదా?

నాకు మొదట అనుమానం వచ్చేది ‘చివరి లాగిన్ తేదీ’ లాంటి కాలమ్ మీద. ఒక చందాదారు మార్చి 31 నాటి వరుసను తీసుకోండి. ఆయన ఏప్రిల్ 12న రద్దు చేసుకున్నారు, మీరు డేటాను డిసెంబరులో తీశారు. ఆ పట్టికలో పాత విలువను కొత్తది చెరిపేస్తూ పోతుంది కనుక, మార్చి వరుసలో కూడా ఏప్రిల్ లాగినే కనిపిస్తుంది. కొనసాగుతున్నవారి వరుసలో మాత్రం డిసెంబరు తేదీ ఉంటుంది. మోడల్ ఈ ఒక్క తేడాతోనే జవాబు చెప్పేస్తుంది, తాజా నెలకు వచ్చేసరికి ఆ ఆధారం ఉండదు. అంచనా తేదీ తర్వాతి తేదీలు ఆ కాలమ్‌లో ఒక్కటైనా ఉన్నాయేమో వెతకండి.

యాదృచ్ఛిక విభజన మానేసి నెలల వారీగా కోయండి. నవంబరు 30 వరుసల మీద పరీక్షిస్తే, శిక్షణ అక్టోబరు 31 వరుసలతో ఆగాలి. అప్పటికి వాటి 30 రోజుల గడువు ముగిసి, ఫలితం తెలిసి ఉంటుంది.

రెండవ సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూనే టార్గెట్ ఎన్‌కోడింగ్ గురించి చెప్పాలి. విభజనకు ముందే మొత్తం పట్టిక మీద సగటు లెక్కించి ఉంటే, ప్రతి వరుసలోకీ దాని సొంత జవాబు కొంత చేరిపోతుంది. ఒకే ఒక్క వరుస ఉన్న అరుదైన ప్లాన్ కోడ్‌కైతే ఆ సగటే జవాబు. 2023లో వచ్చిన పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్ 1.3లోని టార్గెట్ ఎన్‌కోడర్ శిక్షణ వరుసలకు క్రాస్ ఫిటింగ్‌తో (ఒక్కో వరుసకు సగటును ఆ వరుస లేని భాగాల నుంచి లెక్కించడం) ఈ ఇబ్బందిని తగ్గిస్తుంది, చెట్ల ఆధారిత మరో సాధనమైన క్యాట్‌బూస్ట్‌కు తనదైన క్రమబద్ధ పద్ధతి (వరుసలో తనకు ముందున్నవాటి సగటునే వాడడం) ఉంది. కోడ్‌లు కొన్నే అయితే లైట్‌జీబీఎం వాటిని నేరుగా తీసుకోగలదు, ఎన్‌కోడింగే అక్కర్లేదు.

ఒకే చందాదారు వరుసలు శిక్షణ, పరీక్ష రెండు వైపులా పడకూడదని కొందరు పట్టుబడతారు. మీరు అంచనా వేయాల్సింది ఇప్పటికే ఉన్న చందాదారుల గురించే కనుక, కాలం వారీ విభజన ఉంటే ఆ నియమం అవసరం లేదని నా అభిప్రాయం. ఇక న్యూరల్ నెట్‌వర్క్ విషయానికొస్తే, 2022లో న్యూరిప్స్ అనే మెషిన్ లెర్నింగ్ పరిశోధన సదస్సులో వెలువడిన ఒక అధ్యయనం, సుమారు 10,000 వరుసల పట్టికల మీద చెట్ల ఆధారిత మోడళ్లే ముందున్నాయని చూపింది. మీ సమస్యకు మందు అక్కడ లేదు.

ప్రశ్న వేసినవారు

లాగిన్ కాలమ్‌లో అంచనా తేదీ తర్వాతి తేదీలు నిజంగానే ఉన్నాయి. లాగిన్ లాగ్ నుంచి ఆ విలువను తిరిగి లెక్కించి, నెలల వారీగా విభజిస్తే వాలిడేషన్‌లో 0.76, తాజా నెలలో 0.75 వస్తున్నాయి. అయితే పాజిటివ్ (రద్దయిన) వరుసలకు శిక్షణలో బరువు పెంచినందువల్ల కాబోలు, మోడల్ ఇచ్చే సంభావ్యతల సగటు 30 శాతం దాకా ఉంటోంది. వీటిని అలాగే వాడవచ్చా?

మూడవ సమాధానం

వాడకూడదు. బరువు పెంచినప్పుడు సంభావ్యతలు ఉబ్బుతాయి, వరుసక్రమం మాత్రం సాధారణంగా పెద్దగా మారదు. బరువు తీసేసి మళ్లీ శిక్షణ ఇవ్వండి. అప్పటికీ సగటు 4 శాతం దరిదాపుల్లోకి రాకపోతే, శిక్షణలో లేని ఒక నెలను పక్కన పెట్టి ఐసోటోనిక్ పద్ధతిలో (వరుసక్రమం తారుమారు కాకుండా) సంభావ్యతలను అసలు రద్దు రేటుకు సరిపోయేలా సరిదిద్దండి, అంటే కాలిబ్రేట్ చేయండి.

ఏయూసీతో పాటు యావరేజ్ ప్రెసిషన్ (జాబితాలో పైనుంచి వస్తూ చూసినప్పుడు నిజంగా రద్దయినవారి వాటా ఎంతో చెప్పే కొలత) కూడా చూడండి. గుడ్డిగా ఊహించినా ఏయూసీ 0.5 వస్తుంది, ఇక్కడ యావరేజ్ ప్రెసిషన్ మాత్రం 0.04 దగ్గరే ఉంటుంది. మీ బృందం నెలకు 500 మందికే ఫోన్ చేయగలిగితే, జాబితాలో పైనున్న ఆ 500 మందిలో నిజంగా రద్దు చేసుకున్నవారెందరో లెక్కపెట్టండి. మూడు వారాలుగా లాగిన్ కానివారిని ఎంచుకునే సాదా నియమంతో అదే లెక్కను పోల్చండి. తేడా స్వల్పమైతే మోడల్ నిర్వహణ భారం దేనికో ఆలోచించాలి.