పేద దేశాలకు ముందు కావాల్సింది మందులా, ఆరోగ్య వ్యవస్థల మీద పరిశోధనా?

నీలిసిరా:
2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న సాయాన్ని 2027 కల్లా 0.3 శాతానికి దించుతామని బ్రిటన్ ప్రకటించింది. పేద దేశాల ఆరోగ్య కేంద్రాలకు చేరే డబ్బు కళ్లముందే తగ్గిపోతోంది. మిగిలిన కొద్దిపాటిలో కొంత తీసి ఆరోగ్య వ్యవస్థల పరిశోధనకు ఇవ్వాలా, వద్దా అన్నదే ఇక్కడ చర్చకు పెడుతున్నాను. కొత్త మందులు, టీకాలు కనిపెట్టే పరిశోధన సంగతి కాదు. ఉన్న నర్సులను ఎక్కడ ఉంచాలి, ఫీజు తీసుకోవాలా వద్దా, గోదాములో ఉన్న మందు చివరి కేంద్రం దాకా ఎందుకు చేరడం లేదు, జిల్లా బడ్జెట్ దేనికి ఎంత ఖర్చవుతోంది... ఇలాంటి ప్రశ్నల సంగతి. నా మట్టుకు నేను ఇవ్వాలనే అంటాను. కోతలు పడుతున్నప్పుడైతే తప్పకుండా ఇవ్వాలి. ఎదుటి వాదన వినాలని ఉంది.

సూటిమాట:
నేను ఒప్పుకోను. మలేరియా మందు దొరక్క బిడ్డ చనిపోతున్న చోటికి సర్వే ఫారాలు పట్టుకెళ్లడం అన్యాయం. ఏం చేయాలో తెలియకనా? దోమతెర, టీకా, ఓఆర్‌ఎస్, కాన్పు సమయానికి శిక్షణ ఉన్న మనిషి. ఇవన్నీ ఎప్పుడో తేలిపోయిన విషయాలు. లేనిది డబ్బు, దాన్ని ఇచ్చే మనసు. 2001లో ఆఫ్రికా దేశాల అధినేతలు నైజీరియా రాజధాని అబూజాలో సమావేశమై బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి కేటాయిస్తామని మాటిచ్చారు. చాలా దేశాలు ఆ దరిదాపులకు రాలేదు. దీనికి పరిశోధకులు అక్కర్లేదు, గట్టిగా నిలదీసే పౌరులు కావాలి. పైగా ఈ పరిశోధన గ్రాంట్లలో పెద్ద ముక్క ధనిక దేశాల యూనివర్సిటీల్లోనే ఆగిపోతుంది.

నీలిసిరా:
సూటిమాట గారూ, మీరు చెప్పిన ఓఆర్‌ఎస్‌నే తీసుకుందాం. అది పనిచేస్తుందని ఢాకాలో 1968లోనే తేలింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం దాంతో వేల ప్రాణాలు కాపాడింది. అయినా ఆ తర్వాత కూడా పల్లెల్లో పిల్లలు విరేచనాలతో చనిపోతూనే ఉన్నారు. 1980లో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్ ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపి ఉప్పు, బెల్లం, నీళ్లతో ద్రావణం కలపడం తల్లులకు నేర్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ల తర్వాత వేరే వాళ్లు వెళ్లి కొందరు తల్లులను అడిగేవారు. వాళ్లకు ఎంత గుర్తుందన్న దాన్నిబట్టే కార్యకర్త జీతం.

ఇక్కడే అసలు విషయం ఉంది. తల్లులకు పాఠం బాగా గుర్తుంది, కానీ పిల్లలకు విరేచనాలైతే వాడుతున్నవాళ్లు తక్కువ. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తలకే దానిమీద నమ్మకం లేదని తెలిసింది. ఇంట్లో మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదని కూడా తెలిసింది. కార్యకర్తలకు నమ్మకం కలిగేలా శిక్షణ మార్చారు. సంతల్లో, మసీదుల దగ్గర మగవాళ్లతో మాట్లాడారు. 1990 నాటికి కోటీ 20 లక్షల ఇళ్ల దాకా వెళ్లారు. ఆ ఆరా తీయడానికి ఖర్చు పెట్టి ఉండకపోతే, అంతమందికి పాఠం చెప్పిన డబ్బులో చాలా భాగం వృథా అయ్యేది. నేను పరిశోధన అంటున్నది దీన్నే.

మీ దోమతెర సంగతీ అంతే. ఊరికే ఇస్తే విలువ ఉండదు, కొంచెమైనా ధర పెట్టాలన్న వాదన చాలాకాలం బలంగా నడిచింది. కెన్యాలో ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలీన్ దుపాస్ గర్భిణులతో దాన్ని పరీక్షించారు. ఉచితం కాస్తా 60 సెంట్లయ్యేసరికి తీసుకునేవాళ్లు దాదాపు 60 శాతం తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు కొన్నవాళ్లకంటే తక్కువగా వాడిందీ లేదు. 2010లో అచ్చయిన ఈ ఒక్క ఫలితం ఉచిత పంపిణీ వాదనకు ఎంత బలమిచ్చిందో చూడండి.

లెక్కలమాస్టారు:
కొన్ని అంకెలు పెడతాను. ఆరోగ్య పరిశోధన మీద 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్ నివేదిక ఇచ్చింది. నివారించదగ్గ మరణాల భారంలో 93 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాలదే అయినా, ప్రపంచ ఆరోగ్య పరిశోధన డబ్బులో వాటి సమస్యలకు దక్కేది 5 శాతమేనని తేల్చింది. ఆ దేశాలు తమ ఆరోగ్య ఖర్చులో 2 శాతం, దాతలు ఆరోగ్య సాయంలో 5 శాతం పరిశోధనకు ఇవ్వాలని కోరింది. 2008లో మాలీ రాజధాని బమాకోలో మంత్రులు మళ్లీ ఇదే మాట చెప్పారు.

డబ్బు లేకపోవడం ఒక్కటే జబ్బు కాదనడానికి టాంజానియాను చూడండి. 1990ల్లో మొరొగొరో, రుఫిజి జిల్లాల్లో ఇంటింటి మరణాల లెక్కను జిల్లా ఆరోగ్య బడ్జెట్ పక్కన పెట్టి చూశారు. మొరొగొరోలో అకాల మరణాలతో పోతున్న ఆయుష్షులో 30 శాతానికి కారణం మలేరియా. దానికి బడ్జెట్‌లో ఇస్తున్నది 5 శాతం! ఆ అధికారులు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల చేతికి ఈ లెక్క ఎప్పుడూ రాలేదు. బడ్జెట్‌ను జబ్బుల భారానికి తగ్గట్టు మార్చుకునే పద్ధతి నేర్పి, తలకు ఏడాదికి డాలరులోపు అదనంగా ఇచ్చారు. కొన్నేళ్లలో పిల్లల మరణాలు 40 శాతం దాకా తగ్గాయి. దోమతెరలవంటి వేరే కారణాలు కూడా తోడై ఉంటాయి, మొత్తం ఘనత లెక్కలకే ఇవ్వను.

ఇంకొకటి. 2018లో లాన్సెట్ వైద్య పత్రికల కమిషన్ అంచనా ప్రకారం, వైద్యంతో ఆపగలిగే మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లో ఏటా 86 లక్షలు. వాటిలో 50 లక్షల మంది వైద్యం దాకా వచ్చినవాళ్లే. ఆ వైద్యం నాసిరకంగా ఉన్నందుకు చనిపోయారు.

సూటిమాట:
కథలు బాగున్నాయి. గెలిచినవే చెబుతున్నారు. రువాండాలో ఆరోగ్య కేంద్రాలకు పనిని బట్టి డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. ఆసుపత్రి కాన్పులు 23 శాతం పెరిగాయని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. ప్రపంచ బ్యాంకు నిధితో ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. చివరికి 2022లో ప్రపంచ బ్యాంకు సొంత నివేదికే ఏం చెప్పింది? ఈ తతంగం లేకుండా కేంద్రాలకు నేరుగా డబ్బిచ్చినా ఇంచుమించు అంతే మేలు, ఖర్చు ఇంకా తక్కువ అని. ఆ పదేళ్లలో నర్సులు నింపిన ఫారాలకు, తనిఖీలకు పోయిన కాలాన్ని ఎవరు తిరిగిస్తారు? ఉత్తరప్రదేశ్‌లో కాన్పుల చెక్‌లిస్టు (కాన్పు సమయంలో సిబ్బంది చేయాల్సిన పనుల జాబితా) ప్రయోగం కూడా అంతే. లక్షన్నరకు పైగా కాన్పులు, పద్ధతులు మెరుగుపడ్డాయి, మరణాలు మాత్రం తగ్గలేదు.

లెక్కలమాస్టారు:
నేరుగా డబ్బిచ్చినా సరిపోతుందని తేల్చింది కూడా పరిశోధనే కదండీ. చెక్‌లిస్టు ఫలితాన్ని పరీక్షించకుండా అన్ని దేశాల్లోనూ పెట్టి ఉంటే ఎంత డబ్బు పోయేదో ఆలోచించండి. ఉగాండాలో గ్రామస్థులు ఆరోగ్య కేంద్రాన్ని పర్యవేక్షిస్తే పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 2009లో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత అదే దేశంలో ఇంకా పెద్ద ఎత్తున చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. రెండోసారి చేసే అధ్యయనానికి డబ్బు దొరకడమే కష్టం, దాతలందరికీ కొత్తదే కావాలి.

పడవరేవు:
ఒక ఆఫ్రికా దేశంలో ఆరోగ్య ప్రాజెక్టుల్లో కొన్నేళ్లు పనిచేశాను. మీరంతా డబ్బు ఎంత అన్న దగ్గరే ఆగిపోయారు. ఆ పరిశోధన ఎవరిది అన్నది నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న.

2014లో ఎబోలా వచ్చినప్పుడు లైబీరియాలో ఈ జబ్బు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కానీ 1982లోనే యూరప్ పరిశోధకులు లైబీరియన్ల రక్త నమూనాలు పరీక్షించి, ఆ దేశాన్ని ఎబోలా ప్రాంతాల్లో చేర్చాలని ఒక యూరప్ పత్రికలో రాశారు. లైబీరియా ముఖ్య వైద్యాధికారి బెర్నిస్ డాన్, ఆమె సహచరులు 2015లో ఈ సంగతి బయటపెట్టారు. అప్పట్లో ఆ వ్యాసం చదవాలంటే 45 డాలర్లు కట్టాల్సి వచ్చేది. వాళ్ల ప్రజల రక్తం, వాళ్ల దేశం గురించిన హెచ్చరిక, వాళ్లకే చేరలేదు. లైబీరియాతో కలిపి మూడు దేశాల్లో 11,300 మందికి పైగా పోయారు. ఇది తలచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

గ్రాంట్ల పద్ధతి కూడా చూడండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ తమ దేశ యూనివర్సిటీలకు ఆఫీసు నిర్వహణ ఖర్చుల కింద 50 శాతం పైచిలుకు ఇచ్చిన సందర్భాలెన్నో ఉన్నాయి. విదేశీ సంస్థలకు చాలాకాలం 8 శాతమే. అకౌంటెంట్‌కు, కరెంటుకు, కంప్యూటర్లకు డబ్బివ్వకుండా అక్కడ పరిశోధన సంస్థ ఎలా నిలబడుతుంది? ప్రాజెక్టు అయిపోగానే కుర్రాళ్లు వేరే ఉద్యోగాలు చూసుకుంటారు, డేటా విమానమెక్కి వెళ్లిపోతుంది.

నీలిసిరా:
పడవరేవు గారి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అలా కాకుండా జరిగిన చోటు ఘనా. 1994లో అక్కడి ఆరోగ్య శాఖకే చెందిన నవ్‌రోంగో పరిశోధన కేంద్రం నర్సులను ఊళ్లలోనే కాపురం ఉంచి చూసింది. పిల్లల మరణాలు తగ్గాయి. 1999లో అదే జాతీయ కార్యక్రమమైంది. ప్రశ్న వాళ్లది, జవాబు వాళ్లది, అమలూ వాళ్లదే. విస్తరణ మాత్రం ఏళ్ల తరబడి నత్తనడకే నడిచింది. 2010 తర్వాత మళ్లీ పరిశీలిస్తే, జిల్లా అధికారుల చేతిలో చిన్న ఖర్చులకు కాస్త డబ్బు, కాస్త స్వేచ్ఛ ఉన్నచోట వేగం పెరిగిందని తేలింది.

ఇప్పుడు నాకున్న టెన్షన్ మరొకటి. 1984 నుంచి యూఎస్‌ఎయిడ్ డబ్బుతో సుమారు 90 దేశాల్లో జరిగిన జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. కోతల వల్ల ఎంతమంది పిల్లలు పోతున్నారో లెక్కపెట్టే సాధనాల్లో అది ముఖ్యమైనది.

సూటిమాట:
సర్వేల విషయం ఒప్పుకుంటాను, అది ఆగకూడదు. మిగతా దానికి నా షరతులు ఇవి. ప్రశ్న ఆ దేశపు ఆరోగ్య శాఖ నుంచో, అక్కడి సంస్థ నుంచో రావాలి. డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలోనే పడాలి. ఫలితం ఎవరైనా ఉచితంగా చదవగలగాలి. మందులకు, టీకాలకు, జీతాలకు కేటాయించిన పద్దు నుంచి ఒక్క డాలరు కూడా తీయకూడదు. 1990 కమిషన్ అడిగిన ఆ 5 శాతాన్ని దాతలు ఏ పద్దులోంచి తెస్తారో మీలో ఎవరూ ఇంకా చెప్పలేదు.

పడవరేవు:
విదేశీ కన్సల్టెంట్ల ఫీజులు, విమాన టికెట్లు, హోటల్ బిల్లులు ఉండే పద్దులోంచి. దాన్నే సాంకేతిక సహాయం అంటారు. ఏ ఆరోగ్య ప్రాజెక్టు బడ్జెట్ కాగితమైనా తెరిచి, మందుల వరుస ముట్టుకోకుండా ముందు ఆ వరుస చూడండి.